ఓడెట్ గదిలో పద్దెనిమిది డిగ్రీలు

ఓడెట్ లాఫ్రెనియేర్‌ను చూసి జాలిపడేవాళ్ళంటే నాకు మొదట్నుంచీ ఒళ్ళు మంట. గుమ్మం దగ్గరే గొంతు మెత్తగా చేసుకుంటారు. పసిపిల్లతో మాట్లాడినట్టు వంగి మాట్లాడతారు. ఆమె చెప్పేది సగం వినకుండానే తలాడిస్తారు. ఆమె మాత్రం వాళ్ళను పూర్తిగా మాట్లాడనిచ్చి, "అయిందా? తలుపేసి వెళ్ళండి, ఈగలొస్తున్నాయి" అనేది. కెనడాలోని సడ్‌బరీలో ఆ ఇంట్లో పనికి చేరిన మొదటి రోజు నాతోనూ అదే మాట అంది. నేను జాలిపడలేదు మొర్రో అన్నాను. "పడకముందే చెప్తున్నా" అంది.

ఒళ్ళు మాట విననివాళ్ళు, సగం సగం వినేవాళ్ళు ఉండే ఇల్లు అది. లేవదీయడం, స్నానాలు, తిండి పెట్టడం మా పని. అందరూ ఆమెను మతాంత్ అనేవారు, ఫ్రెంచి ఇళ్ళలో మేనత్తను పిలిచినట్టు. ఆమె ఎవరికీ మేనత్త కాదు. అన్నదమ్ములు లేరు.

పుట్టింది ఊరవతల చెల్మ్స్‌ఫర్డ్‌లో. తండ్రి నికెల్ గనిలో పనిచేసి, దగ్గుతూ పోయాడు. ఆమె ఎల్మ్ వీధిలో టీవీల దుకాణంలో కౌంటరు దగ్గర కూర్చునేది. గని కార్మికులు రిమోటు పోగొట్టుకునో, కుక్క కొరికేస్తేనో వచ్చేవారు. అన్ని టీవీలకూ పనికొచ్చే రిమోటు ఒకటి అమ్మి, వాళ్ళ టీవీకి సరిపోయే సంకేతం తనే పెట్టి ఇచ్చేది. పెళ్ళి చేసుకోలేదు. "చేసుకోమని అడిగినవాళ్ళందరూ రిమోటు పోగొట్టుకున్నవాళ్ళేరా, నమ్మకం కుదర్లేదు" అనేది. ముప్పై తొమ్మిదో ఏట, టిమ్మిన్స్ నుంచి వస్తుంటే రోడ్డు మీదికి మూస్ వచ్చింది. గుర్రం కంటే ఎత్తు దుప్పి అది. కారు నుజ్జయింది, ఆమె మెడ దగ్గర వెన్ను తెగింది. "ఆ మూస్ లేచి దులుపుకుని అడవిలోకి నడిచిపోయింది. దాని బీమా నా బీమాకంటే మంచిదయ్యుంటుంది."

మెడ కింద ఏదీ కదలదు. తల మాత్రం అటూ ఇటూ తిప్పగలదు. మాట వస్తుంది, కానీ గాలి చాలక సన్నగా వస్తుంది. ఊపిరి ఉంది. ఆ ఊపిరితోనే బతుకంతా నడిపేది. నోటి దగ్గర ఒక గొట్టం. పీలిస్తే ఒకటి, ఊదితే ఒకటి, గట్టిగా ఊదితే ఇంకొకటి. ఆ గొట్టంతోనే చక్రాల కుర్చీ తోలేది, కంప్యూటరులో ఒక్కో అక్షరం ఏరుకుని రాసేది. కుర్చీ చేతికి బిగించిన చిన్న పెట్టె ఒకటుండేది. ఆమె ఊదితే అది రిమోటులా సంకేతం పంపేది. టీవీ, ఫ్యాను, దీపం అన్నీ దాని మాట వినేవి.

ఆ పెట్టెకు మాటలు నేర్పడమే ఆమె విద్య. రిమోటు నొక్కితే దాని ముక్కులోంచి కంటికి కనపడని వెలుగు మిణుకుతుంది. కాసేపు వెలుగు, కాసేపు చీకటి, మళ్ళీ వెలుగు. ఆ పొడుగు పొట్టిల్లోనే మాటంతా ఉంటుంది. దాన్ని రాసిపెట్టుకోవడానికి కంపెనీకో పద్ధతి. ఒకటి వెలుగెంతసేపు, చీకటెంతసేపు అని కాలంలో రాస్తుంది. ఇంకొకటి ఆ వెలుగు లోపలి అదుర్లను లెక్కపెట్టి, అంకెలూ అక్షరాలూ కలిపి పొడుగాటి వరసగా రాస్తుంది. ఒకే పాటను ఒకడు గడియారం చూసి, ఇంకొకడు చేత్తో తాళం వేసి రాసుకున్నట్టు. ఒకదాన్ని చదివే పెట్టెకు రెండోది గడ్డి. ఓడెట్ ఒకదాన్ని రెండోదానిలోకి మార్చేది. ఆ పని చేసిపెట్టే ప్రోగ్రాములు ఉన్నాయి కదా అంటే, "అవి చివరి చీకటిని మింగేస్తాయిరా. మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకోకపోతే వినేవాడికి ఏం అర్థమవుతుంది?" అనేది.

ఇంటర్నెట్టులో ఇలాంటి పిచ్చివాళ్ళకో చర్చావేదిక ఉంది. పాత టీవీలవాళ్ళు, గుడ్డి తల్లికి రిమోటు చేసిపెట్టేవాళ్ళు, పనిలేనివాళ్ళు, అందరూ అక్కడే. ఎవరైనా సంకేతం మార్చి పెడితే, దాన్ని రిమోటు నుంచి మొదట పట్టినవాడి పేరు కింద రాయాలి. పేరు ఎగ్గొట్టినవాణ్ణి ఊరి కుక్కను తరిమినట్టు తరుముతారు. అక్కడ ఓడెట్ పేరు 'ఊదుగొట్టం'. బాకా వాయించే ముసలాయన ఎవరో అనుకునేవారు. ఆమె కాదనలేదు. నన్ను చూసి జాలిపడని చోటు అదొక్కటే అంది ఒకసారి, వేరే ఏదో మాట్లాడుతూ.

నేను చెప్పబోయే వేసవికి ముందు మా ఇంటికి కొత్త మేనేజరు వచ్చింది, మార్లీన్ ఫోర్సైత్ అని. వస్తూనే గది గదికీ గోడ మీద కొత్త ఏసీలు పెట్టించింది. చలికాలంలో వేడి, ఎండాకాలంలో చల్లదనం ఇచ్చేవి. అందరికీ ఇరవై నాలుగు డిగ్రీలు. రిమోట్లన్నీ ఆఫీసు సొరుగులో పెట్టి తాళం వేసింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మెడ దగ్గర తెగినవాళ్ళకు చెమట పట్టదు. ఒళ్ళు ఒకసారి వేడెక్కడం మొదలుపెడితే ఎక్కుతూనే పోతుంది. ముఖం ఎర్రబడుతుంది, తల పగిలిపోతుంది, మాట తడబడుతుంది. అప్పుడు తడి తువ్వాళ్ళు వేయాలి. వేయడానికి ఎవరో ఒకరు రావాలి. పాత ఏసీ ఆమె పెట్టె మాట వినేది కాబట్టి ఇన్నేళ్ళూ ఎవరి కోసం ఎదురుచూడలేదు. కొత్తది వినదు. మార్లీన్ గదిలోకి రాగానే ఓడెట్ రిమోటు అడిగింది.

"అది నా దగ్గర భద్రంగా ఉంటుంది ఓడెట్. ఎప్పుడు కావాలంటే అప్పుడు గంట నొక్కండి బంగారం. ఎవరో ఒకరు వచ్చి తగ్గిస్తారు."

"ఎవరో ఒకరంటే ఎవరు?"

"ఎవరు ఖాళీగా ఉంటే వాళ్ళు."

"ఈ ఇంట్లో ఖాళీగా ఉండేది నేనొక్కదాన్నే. నాకివ్వండి. బంగారం అనకుండా ఇవ్వండి."

మార్లీన్ కుర్చీ లాక్కుని కూర్చుంది. "నేను ముందు పనిచేసిన చోట ఒక పెద్దాయన గది చల్లగా వదిలేశారు. తెల్లారి చూస్తే వణికిపోతున్నాడు. న్యుమోనియా వచ్చి పోయాడు. ఆయన కూతురికి ఫోన్ చేసింది నేనే. మళ్ళీ జన్మలో అలాంటి ఫోన్ చేయను."

"ఆయన రిమోటు ఎవరి దగ్గరుంది?" అంది ఓడెట్.

మార్లీన్ లేచి కుర్చీ గోడకు జరిపింది. ఆమె అబద్ధం ఆడలేదని నాకు తెలుసు. చెడ్డది కూడా కాదు. మంచివాళ్ళ చేతికి తాళాలొస్తే నాకు ఎక్కువ భయం. చెడ్డవాళ్ళతో అయితే కనీసం పోట్లాడొచ్చు.

జూన్ చివర్లో ఎండలు ముదిరాయి. ఓడెట్ గొట్టం ఊదే గంట నొక్కేది. మేం ఇద్దరం ముగ్గురం, పై అంతస్తులో ఎవర్నో ఎత్తుతూ ఉండేవాళ్ళం. వెళ్ళేసరికి ఆమె ముఖం కందగడ్డలా ఉండేది. ఒకరోజు తువ్వాలు తడిపి మెడ చుట్టూ వేస్తూ, "మతాంత్, సొరుగు తాళం ఎక్కడ పెడుతుందో నాకు తెలుసు. ఒక్క గంటసేపు రిమోటు తెచ్చిస్తాను, మీ పెట్టెకు నేర్పించుకోండి" అన్నాను.

"వద్దు."

"ఎందుకొద్దు?"

"నా గదిలో గాలికి దొంగతనం ఎందుకురా రైమో? నువ్వు దొంగవైతే ఆ మార్లీన్ గెలుస్తుంది. నాకు ఆ సంకేతం చాలు. సంకేతానికి తాళం వేయడం ఇంకా ఎవరికీ చేతకాలేదు."

వేదికలో అడిగింది. మానిటోబాలో పందుల్ని పెంచే మెన్నో టేవ్స్ అనేవాడు పలికాడు. వాడి పందుల కొట్టం ఆఫీసులో అదే కంపెనీ ఏసీ. వాడు పట్టి పంపిన సంకేతం అదుర్ల లెక్కలో ఉంది, పొడుగ్గా, కొంగుకు కొంగు ముడేసినట్టు. ఓడెట్ పెట్టెకు గడియారం లెక్కే తెలుసు. కూర్చుని మార్చింది. పీల్చి ఒక అంకె, ఊది ఒక అంకె. నేను చెంచాతో సూపు పట్టుకుని నిలబడితే, "ఉండరా, చీకట్లో ఉన్నాను" అనేది. వెలుగు తర్వాత వచ్చే విరామం లెక్కలో ఉన్నానని అర్థం.

మొత్తానికి 'తగ్గించు' బటను తయారైంది. ఊదింది. గోడ మీద ఏసీ కీచుమంది. అంకె ఇరవై నాలుగు నుంచి ఇరవై రెండుకు దిగింది. నేను చెంచా పారేసి చప్పట్లు కొట్టాను.

"ఆగరా, పెళ్ళేం జరగట్లేదు" అని మళ్ళీ ఊదింది. కీచుమంది. ఇరవై రెండే. మళ్ళీ ఊదింది. ఇరవై రెండే. ఆమె ఒంటికి ఇరవై రెండు చాలదు. పొద్దంతా ఊదినా ఆ యంత్రం కీచుమంటూనే ఉంది, దిగదు.

లెక్క ఎక్కడో తప్పిందనుకుంది. మొదట్నుంచీ మళ్ళీ మార్చింది. చివరి చీకటి చూసింది, నడిమధ్య చీకటి చూసింది. ఆ వారమంతా నాతో సరిగా మాట్లాడలేదు. బయట ఎండ, లోపల అంకెలు. గంట నొక్కడం మాత్రం మానేసింది. మేమే వెళ్ళి చూసుకుని తువ్వాళ్ళు మార్చేవాళ్ళం.

వేదికలో మెన్నో ఎగతాళి మొదలుపెట్టాడు. "ఏం బాబాయ్ ఊదుగొట్టం, ముసలితనం వచ్చిందా? అంకెలు కనపడట్లేదా?"

"నీ పందులు పట్టాయేమో సంకేతం, నువ్వు కాదు. గురక వినిపిస్తోంది అందులో" అని రాసింది ఓడెట్.

"అయితే నీ రిమోటుతో నువ్వే పట్టుకోవచ్చుగా? చేతికేమొచ్చింది?"

"రిమోటు లేదు."

"రిమోటు లేకుండా ఏసీ ఎక్కడిది? దొంగిలించావా?"

"ఏసీ నా గదిదే. రిమోటే దొంగిలించారు."

మెన్నో పడీ పడీ నవ్వి, సరే తీసుకో అని ఇంకొకసారి నొక్కి రెండో సంకేతం పంపాడు. ఈసారి 'పెంచు' బటను. ఓడెట్ రెండింటినీ తెర మీద పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసింది. నేను ఆమె జుట్టు దువ్వుతున్నాను. ఉన్నట్టుండి దువ్వెన కిందనుంచి తల విదిలించింది.

"రైమో! నేనెంత గాడిదనురా!"

"ఏమైంది?"

"చూడు, పెంచు, తగ్గించు, రెండూ దాదాపు ఒకటే. వాడు తగ్గించినా పెంచినా వరసంతా అదే, చివర్లో కాస్త తేడా అంతే. ఇది టీవీ కాదు. టీవీ రిమోటు 'ఇంకొంచెం' అంటుంది, టీవీ ఇంకొంచెం తగ్గుతుంది. దీనికి 'ఇంకొంచెం' అనే మాటే లేదు. నొక్కిన ప్రతిసారీ మొత్తం చెప్తుంది. చల్లదనం కావాలి, ఇరవై రెండు కావాలి, గాలి మెల్లగా కావాలి. మెన్నో నొక్కినప్పుడు వాడి గది ఇరవై రెండుకు దిగింది. నేను వారం రోజులుగా వాడి ఇరవై రెండునే ఊదుతున్నాను. లెక్క తప్పు కాదు. నేను తప్పు మాట అడుగుతున్నాను. జీవితమంతా టీవీలు అమ్మి నా బుర్రే టీవీ అయిపోయింది!"

ఆ వేదికలో అందరూ ఒకప్పుడు చేసిన పొరపాటేనట. మెన్నో కూడా చేశాడట. కానీ ముందు చెప్పలేదు. "అంతటివాడివి, నీకు తెలుసనుకున్నా బాబాయ్" అన్నాడు.

తర్వాత వాడు చల్లదనానికొకటి, వేడికొకటి, ప్రతి డిగ్రీకీ వరసగా నొక్కి పట్టి పంపాడు. పందులు చూసి నవ్వుతున్నాయని రాశాడు. ఓడెట్ ఒక్కొక్కటే మార్చి పెట్టెకు ఎక్కించింది. ప్రతిదాని కింద మెన్నో పేరు. 'చల్లదనం, పద్దెనిమిది, గాలి జోరుగా' అని ఊదిన మధ్యాహ్నం నేను అక్కడే ఉన్నాను. ఏసీ కీచుమని, కాసేపటికి చల్లటి గాలి ఆమె నుదుటి మీద వెంట్రుకల్ని కదిపింది. ఆమె కళ్ళు మూసుకుని నోరు కొంచెం తెరిచింది, నీళ్ళు తాగుతున్నట్టు.

రెండు రోజులు నిమ్మళంగా గడిచాయి. మూడో రోజు మార్లీన్ గదిలోకి వచ్చి చలికి తన భుజాలు తనే పట్టుకుంది.

"ఇదేంటి, పద్దెనిమిది? రిమోటు ఎవరు తెచ్చారు?" నా వైపు చూసింది.

"ఎవరూ తేలేదు" అంది ఓడెట్.

"రైమో, నిజం చెప్పు."

"వాడికి అంత ధైర్యం ఉంటే నాకీ తిప్పలెందుకు? వెళ్ళి సొరుగులో రిమోట్లు లెక్క పెట్టుకోండి."

వెళ్ళి చూసుకుని వచ్చింది. అన్నీ ఉన్నాయి. అప్పుడు ఓడెట్ ఆమె ముందే ఊది పంతొమ్మిది చేసింది, మళ్ళీ ఊది పద్దెనిమిది చేసింది. మార్లీన్ ఆశ్చర్యపోలేదు, భయపడింది. "మీకు నిద్రలో ఏదైనా అయితే? పొరపాటున ఊదితే? జవాబు చెప్పాల్సింది నేను."

"నా ఒంటికి జవాబు నేను చెప్పుకుంటాను. మిమ్మల్నెవరు అడిగారు?"

సాయంత్రానికి మరమ్మతులు చూసే రెజాన్ నిచ్చెన తెచ్చాడు. ఏసీ ముఖం మీద సంకేతం అందుకునే చిన్న గాజు కన్ను ఉంటుంది. దాని మీద నల్లటి టేపు రెండు పొరలుగా అంటించాడు. "క్షమించు ఓడెట్, చెప్పారు, చేస్తున్నా" అని ఫ్రెంచిలో గొణిగాడు. "సరిగా అంటించు, అంచులు లేవకూడదు" అంది ఆమె ఫ్రెంచిలోనే. మార్లీన్ ముందే రిమోటుతో పెట్టిన ఇరవై నాలుగు మీద ఏసీ ఆగిపోయింది.

మర్నాడు ఊరంతా పెనంలా కాలింది. ఓడెట్ ఒళ్ళు పొద్దున్నే వేడెక్కింది. తువ్వాలు వేయబోతే వద్దంది. మధ్యాహ్నం భోజనం వద్దంది. కుర్చీలో కూర్చోబెట్టమంది. కూర్చోబెట్టాను. ఊది, నడవా దాటి, సోఫాల గది దాటి, మార్లీన్ ఆఫీసు గుమ్మంలో కుర్చీ అడ్డంగా ఆపింది. నేను వెనకాలే వెళ్ళాను.

ఆఫీసులో ఏసీ కూడా అదే కంపెనీది. హాయిగా ఇరవై ఒకటి మీద ఉంది. ఓడెట్ ఊదింది. కీచు. వేడి, ముప్పై.

మార్లీన్ కాగితాల మీదనుంచి తలెత్తింది. "ఏం చేశారు?"

"ఏం లేదు. మీ గదిని కాస్త నా గదిలా చేశాను. నాకు తోడు కావాలనిపించింది."

మార్లీన్ తన రిమోటు తీసి నొక్కింది. ఓడెట్ ఊదింది. నొక్కింది. ఊదింది. కీచు, కీచు, కీచు. వేడికీ చల్లదనానికీ మధ్య మారేటప్పుడు ఆ యంత్రం కాసేపు ఆగి ఊపిరి తీసుకుంటుంది. వీళ్ళిద్దరూ ఆ కాసేపు కూడా ఇవ్వలేదు. అది ఎవరి మాటా వినలేక ఊరికే నిలబడిపోయింది. పడమటి కిటికీలోంచి జూలై ఎండ మాత్రం నిలబడలేదు, లోపలికి వచ్చి కూర్చుంది.

"కుర్చీ తీయండి ఓడెట్."

"గంట నొక్కండి. ఎవరో ఒకరు వస్తారు."

మార్లీన్ నుదుటి మీద చెమట పట్టింది. తర్వాత మెడ మీద. చొక్కా వీపుకు అంటుకుంది. ఓడెట్‌కు ఒక్క చుక్క లేదు. ముఖం మాత్రం ఎర్రబడి, చెవుల దగ్గర ఊదారంగులోకి తిరిగింది. ఇందులో ముందు పడిపోయేది తనే. ఆ సంగతి మా ముగ్గురికీ తెలుసు. నేను బాత్రూములోంచి తువ్వాలు తడిపి తెచ్చాను.

"ముట్టుకోకు" అంది. నాలుక కాస్త మందంగా పలికింది.

"రైమో, ఆమెను బయటికి లాగు! కుర్చీ వెనక పిడి ఉందిగా!" మార్లీన్ అరిచింది.

పిడి ఉంది. దాన్ని తిప్పితే మోటారు వదిలేస్తుంది, కుర్చీని బండిలా తోసుకుపోవచ్చు. నా చెయ్యి దాని మీదే ఉంది. ఓడెట్ తల తిప్పి నన్ను చూడలేదు. చూసి ఉంటే తిప్పేవాణ్ణేమో. చెయ్యి తీసేసి తువ్వాలు పట్టుకుని నిలబడ్డాను.

మార్లీన్ లేచి వచ్చి ఓడెట్ ఎదురుగా నిలబడింది. ఆ ముఖంలోకి దగ్గరగా చూసింది. తన చేత్తో ఆమె నుదురు తాకి చూసి, చటుక్కున వెనక్కి తీసుకుంది. తర్వాత తన రిమోటును బల్ల మీద పెట్టి దూరంగా తోసింది.

"చాలు. తగ్గించండి. అడుగుతున్నాను, సరేనా? అడుగుతున్నాను."

"టేపు" అంది ఓడెట్.

"తీయిస్తాను. రేపు రెజాన్ రాగానే..."

ఓడెట్ గొట్టం పెదాల మధ్యకు లాక్కుంది.

"సరే! నేనే తీస్తాను."

ఓడెట్ పీల్చింది. కుర్చీ వెనక్కి జరిగింది. మార్లీన్ దారిలో ఒక కుర్చీ ఎత్తుకుని వెళ్ళి, ఓడెట్ గదిలో దాని మీదికెక్కి, గోళ్ళతో టేపు పెరికింది. మొదటి పొర వచ్చింది, రెండోది చిరిగింది, జిగురు ఏసీ గాజు కంటికే అంటుకుపోయింది. ఓడెట్ కింద నుంచి ఊదింది. వినపడలేదు దానికి. మళ్ళీ ఊదింది. కీచు.

"తువ్వాలు" అంది అప్పుడు, నాతో. మెడ చుట్టూ, చంకల్లో, తల మీద వేశాను.

మార్లీన్ కుర్చీ దిగి, చెమట తుడుచుకుంటూ, "ఇరవైకి తక్కువ వద్దు ఓడెట్. అంతవరకు నేను ఒప్పుకుంటాను" అంది.

"పద్దెనిమిది."

"పోనీ నిద్రపోయేటప్పుడైనా..."

"పద్దెనిమిది."

మార్లీన్ కుర్చీ తీసుకుని వెళ్ళిపోయింది. మరుసటి వారం నాకు హెచ్చరిక ఇచ్చారు, ఆదేశం పాటించలేదని. పాటించలేదు, నిజమే.

మిగతావాళ్ళ రిమోట్లు ఇప్పటికీ సొరుగులోనే ఉన్నాయి. అందుకని ఓడెట్ పొద్దున కాఫీ కాగానే నడవాలోకి బయలుదేరుతుంది. గుమ్మం గుమ్మం దగ్గర ఆగుతుంది. "ఎంత?" అంటుంది. లోపలివాళ్ళు అంకె చెప్తారు, ఊదుతుంది, కీచుమంటుంది, ముందుకు పోతుంది. మార్లీన్ ఎదురైతే దారి ఇవ్వదు, మార్లీనే పక్కకు ఒదుగుతుంది. చివరి గదిలో గోర్డ్ అనే పాత డ్రైవరు ఉంటాడు. ఎప్పుడూ చలే అతనికి.

"ఇరవై ఆరు పెట్టు మతాంత్."

"ఇరవై ఆరా? నువ్వు మనిషివా, పొయ్యిలో రొట్టెవా?"

"నా ఇష్టం."

"అలా అను" అని ఊదుతుంది.